పాత చీర కప్పిన ప్యానెల్: ఒక జడ్పీ హైస్కూల్ కేస్ స్టడీ

2023లో ప్రమోషన్ మీద నేను ఈ స్కూల్‌కు హెచ్ఎంగా, అంటే ప్రధానోపాధ్యాయురాలిగా, వచ్చేసరికే మూడు పెద్ద టచ్ ప్యానెల్స్ గోడలకు బిగించి ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఒక్కోటి. ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన ఊరు – మన బడి’ పథకం కింద ఆ ఏడాది హైస్కూళ్లకు వచ్చినవే. మూడింటికీ పాత చీరలు కప్పి, పైన సుతిలి తాడు కట్టారు. దుమ్ము పడకుండా అన్నారు. ఒకటి విప్పి చూస్తే తెర మీద వచ్చేటప్పుడే ఉన్న ప్లాస్టిక్ పొర కూడా అలాగే ఉంది. పదో తరగతి గదికైతే తాళమే. పిల్లలు పక్కనున్న లైబ్రరీ గదిలో కూర్చుని చదువుకుంటున్నారు. ప్యానెల్‌కు గది ఉంది, పిల్లలకు లేదు.

మా బడి ఉన్న ఊరు వరంగల్ జిల్లా నర్సంపేట వైపు. పత్తి, మక్క, మిర్చి పండే పల్లె. పొద్దున్నే పట్నం నుంచి ప్రైవేటు బడుల పసుపు బస్సులు వచ్చి ఊళ్లోని సగం పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. మిగిలిన సగం మా దగ్గరికి వస్తారు. బడికి క్లర్క్ లేడు. ఉన్న అటెండరే గంట కొట్టాలి, తాళాలు తీయాలి, మధ్యాహ్న భోజనం బియ్యం కూడా తూచాలి. చాలా జడ్పీ హైస్కూళ్ల పరిస్థితి ఇదే కాబట్టి దీన్ని కష్టంగా చెప్పుకోవడం లేదు, నేపథ్యంగా చెబుతున్నాను.

ఈ రెండేళ్లలో ఏం చేశాం, ఏది కుదిరింది, ఏది బోల్తా కొట్టింది అని చుట్టుపక్కల బడులు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి హెచ్ఎంలు అడుగుతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని. ఒకసారి పూర్తిగా రాస్తే మంచిదనిపించింది.

నేను మొదట వేసిన తప్పు లెక్క

చీరలు చూడగానే నాకు తట్టింది ఒకటే: వీళ్లకు వాడటం రాదు, ట్రైనింగ్ ఇప్పించాలి. పక్క మండలం నుంచి ప్యానెల్ బాగా వాడే ఒక లెక్కల సార్‌ను పిలిపించి ఒక శనివారం మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టాను. ఆయన చక్కగా చెప్పారు. మా వాళ్లు చక్కగా విన్నారు. మిర్చి బజ్జీలు తిన్నాం. సోమవారం చీరలు మళ్లీ ఎక్కాయి.

అప్పుడు ఇంకో తెలివి చేశాను. వినియోగ రిజిస్టర్ పెట్టాను. తేదీ, పీరియడ్, పాఠం పేరు, సంతకం. పదిహేను రోజులకు చూస్తే రిజిస్టర్ నిండుగా కళకళలాడుతోంది. పేజీలు తిప్పుతుంటే ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. ఆ రోజు లైను పనులని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా కరెంటు లేదు. రిజిస్టర్‌లో మాత్రం మూడో పీరియడ్, ఎనిమిదో తరగతి, ‘ఘర్షణ’ పాఠం ప్యానెల్ మీద బోధించినట్లు సంతకం ఉంది.

ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. రిజిస్టర్ పెట్టింది నేను, అబద్ధం రాయడానికి గడులు గీసిచ్చింది కూడా నేనే. ఆ పుస్తకాన్ని బీరువాలో పడేసి మళ్లీ తీయలేదు.

అసలు భయం

మా తెలుగు సార్‌కు అప్పటికి రెండేళ్ల చిల్లర సర్వీసు మిగిలి ఉంది. స్టాఫ్ రూంలో అందరూ మనసులో అనుకునేది ఆయనే పైకి అంటారు. ఒక రోజు టీ తాగుతుంటే అడిగాను, ఎందుకు సార్ ఆ చీరలు అని. ఆయన గ్లాసు కింద పెట్టి అన్నారు: “కోపానికి రాకున్రి మేడం. గా ప్యానెల్ పల్గితే ఎవల జీతంల కోస్తరు?”

ఎవరూ మాట్లాడలేదు. అందరి ప్రశ్నా అదేనని ఆ మౌనంలో అర్థమైంది.

ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ఐదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబ్‌లు వచ్చాయి. ఐదేళ్ల కాంట్రాక్టు ముగియగానే చెప్పేవాళ్లు వెళ్లిపోయారు, డబ్బాలు మిగిలాయి. ఆ డబ్బాలకు కాపలా ఉద్యోగం ‘ఇన్‌చార్జి’ పేరుతో ఎవరో ఒక టీచర్ మెడకు చుట్టుకుంది. తెలుగు సార్ అప్పుడు పనిచేసిన ఒక బడిలో ల్యాబ్ తాళం పగలగొట్టి సామాను ఎత్తుకుపోయారట. ఇన్‌చార్జి సార్ పోలీస్ స్టేషన్ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, రిటైర్ అయ్యాక బాకీలేవీ లేవనే నో డ్యూ సర్టిఫికెట్ కోసం నెలలు ఎదురుచూశాడట. పెన్షన్ కాగితాలు దాని వెనకే ఆగాయి. కథలో ఉప్పూకారం ఎంతో నాకు తెలియదు. కానీ మా స్టాఫ్ రూంలో ఆ కథ ఇంకా బతికే ఉంది. పగిలితే తన మెడకు వస్తుందనుకున్నవాడు చీర కప్పడం బద్ధకం కాదు, ముందుజాగ్రత్త.

బదిలీ మీద కొత్తగా వచ్చే హెచ్ఎంలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. ‘మా టీచర్లు మార్పుకు ఎదురు తిరుగుతున్నారు’ అనే ముందు, ఆ మార్పు బెడిసికొడితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో ఒకసారి స్టాక్ రిజిస్టర్ తీసి చూడండి. మా దానిలో మూడు ప్యానెల్స్ ముగ్గురు టీచర్ల పేర్ల మీద రాసి ఉన్నాయి.

మరుసటి వారం స్టాఫ్ మీటింగ్ పెట్టి మినిట్స్ బుక్‌లో రెండు వాక్యాలు రాశాను. మూడు ప్యానెల్స్ హెచ్ఎం పేరు మీదికి మార్చడమైనది. పాఠం చెప్పేటప్పుడు మామూలు వాడకంలో చెడిపోయినా, పగిలినా బాధ్యత హెచ్ఎందే. కింద నా సంతకం, తేదీ. ఇందులో నేను చేసిన త్యాగం ఏమీ లేదు. బిల్లుల మీద సంతకం పెట్టే అధికారిని, అంటే డీడీఓను నేను, బడి ఆస్తికి ఎలాగూ జవాబు చెప్పాల్సింది నేనే. ఉన్నమాట కాగితం మీద పెట్టానంతే. తెలుగు సార్ ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. నా ముందే.

చీరలు విప్పడం మొదలైంది. పరీక్ష మాత్రం వానాకాలంలో వచ్చింది. బయట ముసురు, ఆటల పీరియడ్‌ను పీఈటీ సార్ గదిలోనే కానిచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలు ప్లాస్టిక్ బాల్‌తో క్రికెట్ ఆడుతుంటే ఒకడు బెంచీ మీద నుంచి జారి, చేతిలో ఉన్న చెక్క బ్యాట్ ప్యానెల్ అంచుకు తగిలింది. కింది మూలన చిన్న పెచ్చు లేచింది, సాలెగూడులా ఒక గీత. తెర మాత్రం పనిచేస్తోంది. నేను వెళ్లేసరికి స్టాఫ్ అంతా వరండాలో నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తున్నది ప్యానెల్‌ను కాదు, నన్ను.

స్టాక్ రిజిస్టర్ తెప్పించి అక్కడే రాశాను: కుడి కింది మూల దెబ్బతిన్నది, వాడకానికి ఇబ్బంది లేదు. సంతకం పెట్టి, తర్వాతి పీరియడ్ అదే ప్యానెల్ మీద నేనే పాఠం చెప్పాను. ఆ పిల్లవాడు భయపడి రెండు రోజులు బడికి రాలేదు. వాళ్లమ్మకు ఫోన్ చేసి పంపించమని చెప్పాల్సి వచ్చింది. ట్రైనింగ్ తేలేని మార్పును ఆ మూల పెచ్చు తెచ్చింది. ఆ నెల నుంచి బయాలజీ మేడం, లెక్కల సార్ తమంతట తామే తాళం చెవి అడగడం మొదలుపెట్టారు. తర్వాత తాళమే తీసేశాం.

పిల్లల ముందు నేర్చుకోవడం

హెచ్ఎం అయినా వారానికి కొన్ని పీరియడ్లు చెప్పాలి. నాది ఫిజిక్స్ కాబట్టి పదో తరగతిలో ‘వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం’ తీసుకున్నాను. దీన్ని ఏళ్ల తరబడి నల్లబల్ల మీద చెప్పాను. కుంభాకార కటకం ముందు వస్తువును అనంత దూరంలో, 2ఎఫ్ అవతల, 2ఎఫ్ దగ్గర, 2ఎఫ్‌కూ ఎఫ్‌కూ మధ్యలో, ఎఫ్ దగ్గర, ఎఫ్ ఇవతల పెట్టి ఆరు బొమ్మలు గీయాలి (ఎఫ్ అంటే నాభి, 2ఎఫ్ దానికి రెట్టింపు దూరం). చక్కగా గీస్తే రెండు పీరియడ్లు. ఆరో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి పిల్లలకు మొదటి బొమ్మ గుర్తుండదు.

అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద కదిలించి చూసే ప్రయోగాలు, ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి, కొన్నింటిని తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. మొదటి రోజు అది ఎక్కడ తెరుచుకుందో నాకే తెలియలేదు. ఒకటి నొక్కితే ఒకటి వస్తోంది. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, “మేడం, గా బాణం గుర్తు ఒత్తున్రి” అంది. ఒత్తాను, వచ్చింది. ఆ పీరియడ్ అంతా ఆ అమ్మాయిని పక్కనే నిలబెట్టుకున్నాను. కిటికీ దగ్గర ఇద్దరు టీచర్లు నిలబడి చూస్తున్నారని తర్వాత తెలిసింది. హెచ్ఎం తడబడుతుంటే చూడటం వాళ్లకు ఏ వీడియో కంటే బాగా పనికొచ్చిందని నా అనుమానం. పెద్దమనిషికే రాకపోతే మనకు రాకపోవడంలో సిగ్గేముంది!

తెర మీద పెన్సిల్ బొమ్మను వేలితో కటకం దగ్గరికి జరుపుతూ పోతే ప్రతిబింబం అవతల పెద్దదవుతూ దూరం జరుగుతుంది. నాభిని దాటి ఇవతలికి రాగానే మాయమై, అదే వైపున నిటారుగా, పెద్దగా ప్రత్యక్షమవుతుంది. గది మొత్తం ‘ఓ’ అంది. ఆరు స్థానాలు పది నిమిషాల్లో అయిపోయాయి. నేను మురిసిపోయాను.

వారం తర్వాత చిన్న పరీక్ష పెడితే ఒక్క కిరణ చిత్రం సరిగ్గా గీసినవాళ్లు చాలా తక్కువ. చూసింది అర్థమైంది, చేతికి రాలేదు. తెర అంతా గీసి చూపిస్తుంటే వాళ్ల చేతులకు పనెక్కడిది? అప్పటి నుంచి వరస మార్చాం. ముందు ల్యాబ్‌లో దుమ్ము పట్టిన కటకాలు తీసి, తలా ఒకటి ఇచ్చి, కిటికీ ఎదురుగా గోడ మీద ప్రతిబింబం పట్టమంటాను. కిటికీ చువ్వలు, బయట వేపచెట్టు తలకిందులుగా గోడ మీద కదులుతుంటే పిల్లలు ప్యానెల్‌కు అన్నదానికంటే గట్టిగా ‘ఓ’ అన్నారు. తర్వాత తెర మీద ఎందుకలా అయిందో చూడాలి. చివర నోట్‌బుక్కులో స్కేలుతో ఆరు బొమ్మలూ ఎవరికి వాళ్లు గీయాలి. సమయం అంతే పట్టింది, రెండు పీరియడ్లు. కంప్యూటర్ వస్తే సమయం మిగులుతుందని ఎవరైనా అంటే నాకు నమ్మకం లేదు. అదే సమయంలో పని ఎక్కువైంది, అంతవరకు నిజం.

వీడియో పెట్టి ఫోన్ చూసుకునే టీచర్

రెండో ఏడాది మొదట్లో వేరే జబ్బు పట్టుకుంది. ఏ గదికి వెళ్లినా వీడియో నడుస్తోంది. ముప్పై, నలభై నిమిషాల పాఠం. ముందు వరస చూస్తుంది, వెనక వరస నిద్రపోతుంది, టీచర్ కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నారు. ఇక్కడ కూడా నేను ముందు మనుషుల్నే అనుమానించాను. దగ్గరికెళ్లి చూస్తే ఆ టీచర్ ఫోన్‌లో చేస్తున్నది పిల్లల ఆధార్ వివరాల నమోదు.

ఒక వారం పాటు ఎవరు ఏ ఎంట్రీ చేస్తున్నారో చార్టు మీద రాసి స్టాఫ్ రూంలో అంటించాం. పిల్లల ముఖ గుర్తింపు హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, బడి వివరాలు నింపే యూడైస్ ప్లస్, పుస్తకాలు, యూనిఫాం కొలతలు, ఎఫ్ఏ (ఫార్మేటివ్ పరీక్షల) మార్కులు, పైనుంచి వాట్సాప్‌లో ‘సాయంత్రం నాలుగులోపు’ అని వచ్చే ఎక్సెల్ షీట్లు. చార్టు సరిపోక ఇంకోటి అతికించాం. టెక్నాలజీ అంటే మా టీచర్లకు ముందు గుర్తొచ్చేది పాఠం కాదు, ఈ టెన్షన్. అది మోస్తున్న మనిషికి ప్యానెల్ దొరికితే కాస్త ఊపిరి పీల్చుకోవడానికి వాడుకుంటాడు. తప్పు పట్టలేం.

కాబట్టి మార్చాల్సింది టైమ్ టేబుల్. హాజరు ఎంట్రీ ఎలాగూ పొద్దున్నే అయిపోవాలి. మిగతా ఎంట్రీలన్నీ ఇద్దరికి అప్పజెప్పి, వాళ్లకు మొదటి పీరియడ్ ఖాళీ ఇచ్చాం. బదులుగా వాళ్లకు వేరే డ్యూటీలు తగ్గించాం. భోజనం లెక్క నేను తీసుకున్నాను. రెండో గంట కొట్టాక తరగతిలో ఎవరూ ఎంట్రీల కోసం ఫోన్ తీయకూడదు, పైనుంచి ఎంత అర్జెంటు మెసేజ్ వచ్చినా సమాధానం నేను చెప్పుకుంటాను. రెండుసార్లు ఆలస్యానికి మాట పడ్డాను. పడితే పడ్డాను.

వీడియోకు ఒకటే షరతు పెట్టుకున్నాం: ఐదు నిమిషాలకు ఆపాలి, ఆపి ఒక ప్రశ్న అడగాలి. బయాలజీ మేడం దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, వీడియో మాట తీసేసి బొమ్మ మాత్రం నడిపిస్తూ పిల్లలతో వ్యాఖ్యానం చెప్పిస్తున్నారు. గుండె ఎలా కొట్టుకుంటుందో క్రికెట్ కామెంటరీలా చెప్పేవాడొకడు తయారయ్యాడు.

2025 ఆగస్టు 1 నుంచి టీచర్ల హాజరు కూడా ముఖ గుర్తింపు యాప్‌లోనే. దాని మంచిచెడ్డలు యూనియన్లు మాట్లాడతాయి. మా బడి వరకు సమస్య సిగ్నల్. మెట్ల పక్కన మూలన ఒక్కచోటే సరిగ్గా అందుతుంది. పొద్దున్నే అక్కడ వరస కడతాం, నాతో సహా.

కోతులు, కరెంటు, డబ్బులు

నెట్ కేబుల్ డాబా మీదుగా వేయించిన వారానికి కోతులు తెంపేశాయి. మళ్లీ వేయిస్తే మళ్లీ తెంపాయి. మూడోసారి ఇనుప పైపులోంచి లాగించాం. వరంగల్ జిల్లా పల్లెల్లో డిజిటల్ విద్య గురించి ఏ ప్రణాళిక రాసినా కోతులకు ఒక పేరా కేటాయించాలి.

సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. వంద దాటి 250 లోపు ఉంటే ఏడాదికి 50 వేలు, ఆ పైన వెయ్యి వరకు 75 వేలు. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకే పోవాలి. మిగిలినదాంట్లో చాక్‌పీసులు, రిజిస్టర్లు, నల్లా రిపేర్లు పోగా ప్యానెల్స్‌కు మిగిలేది స్టెబిలైజర్లకు, పెన్‌డ్రైవ్‌లకు సరిపోయింది. కొత్తది ఏదీ కొనలేదు. 2024లో ప్రభుత్వ బడులకు ఉచిత కరెంటు ప్రకటించాక ఫ్యాన్లు, తెరలు ఆన్ చేసేటప్పుడు బిల్లు గుర్తుకు రావడం తగ్గింది.

అమ్మల ప్రశ్న, పత్తి కాలం

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగులో తల్లులకు ప్యానెల్ చూపించి గొప్పగా చెబుతున్నాను. ఒకావిడ లేచింది. “ఫోను సూడొద్దని మేం ఇంట్ల గుంజుకుంటున్నం. మీరేమో బడిల గింత పెద్ద ఫోను పెట్టిన్రు. ఏం తేడా మేడం?” నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. కానీ ఆ ప్రశ్న వల్ల ఒక పని జరిగింది. వాట్సాప్‌లో హోంవర్క్ పంపడం ఆపేశాం. ఆ వంకతోనే పిల్లలు రాత్రి ఫోన్ పట్టుకుంటున్నారని తల్లులందరూ ఒకటే మాట చెప్పారు.

పత్తి తీసే రోజుల్లో, అంటే దసరా దాటాక, హాజరు పడిపోతుంది. రానివాళ్లకు పాఠాలు రికార్డు చేసి పంపిద్దామన్నది నా ఆలోచనే. ఘోరంగా విఫలమైంది. ఫోన్ తండ్రి జేబులో, తండ్రి చేనులో, పిల్ల కూడా చేనులోనే. సాయంత్రం ఇంటికొచ్చి నడుము వాల్చే పిల్లకు మన వీడియో ఎందుకు? నిజానికి 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్లలో పాఠాలు వచ్చినప్పుడే ఇది నేర్చుకోవాల్సింది. పాఠం ఇంటిదాకా వెళ్లినంత మాత్రాన చదువు వెళ్లదు.

చివరికి పనికొచ్చింది చిన్న విషయం. ప్యానెల్ మీద రాసిన బోర్డును ఏ రోజుకారోజు దాచిపెట్టవచ్చు. తిరిగొచ్చిన పిల్లకు ఒక తోటి అమ్మాయిని జోడించి, భోజనం అయ్యాక అరగంట ఆ పేజీలు తెరిచి చెప్పిస్తున్నాం. టీచర్ ఉండరు. చెప్పే అమ్మాయికి పాఠం రెండోసారి వస్తుంది. ఇది కూడా అందరితో కుదరలేదు. కొందరు ఆ అరగంట కబుర్లే చెప్పుకుంటారు, చెప్పుకోనీ.

ఒకరిని వదిలేశాను

సోషల్ సార్ ప్యానెల్ ముట్టరు. చాక్‌పీస్ తీసుకుని త్రయంబకం దగ్గర మొదలుపెట్టి, చేయి ఎత్తకుండా గోదావరిని గీస్తూ, మంజీర ఎక్కడ కలుస్తుందో, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర ఎలా వచ్చి పడుతుందో చెప్పుకుంటూ ధవళేశ్వరం దాటిస్తారు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. తనిఖీకి వచ్చినవాళ్లు ‘ఈయన ఎందుకు వాడటం లేదు’ అని అడిగారు. ఆయన పీరియడ్‌లో కూర్చోమన్నాను. కూర్చున్నారు, మళ్లీ అడగలేదు.

తెలుగు సార్ మాత్రం ఆశ్చర్యపరిచారు. సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవానికి పిల్లల్ని ఇళ్లకు పంపి ముసలమ్మల మాటలు, నాగలి భాగాల పేర్లు, పాత ధాన్యాల పేర్లు ఫోన్లలో రికార్డు చేయించి తెచ్చారు. ప్యానెల్ మీద బొమ్మ పెట్టి, ఆ గొంతు వినిపించి, పేరు చెప్పమనేవారు. తన నానమ్మ గొంతు బడి గదిలో వినబడగానే ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు, టీచర్ వచ్చినప్పుడు లేచినట్టు.

ఎనిమిదో తరగతి ప్యానెల్ ఇప్పుడు రెండు నెలలుగా పనిచేయడం లేదు. ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, మనిషి రాలేదు. ఆ తరగతిని తొమ్మిదో తరగతి గదితో మార్చి మార్చి సర్దుతున్నాం.

2025 చివర్లో తెలుగు సార్ రిటైర్ అయ్యారు. నో డ్యూ మీద సంతకం కోసం నా గదికి వచ్చారు. సంతకం పెడుతుంటే, “గా మూల పెచ్చు సంగతి?” అన్నారు. అది నా పేరు మీద ఉంది సార్ అన్నాను. కాగితం రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నారు.